బావను అన్న అనే దేశం

ఫునఫూటి, తువాలు
సోమవారం

అమ్మకి,

నీ సుగంధి రాస్తున్నది. క్షేమంగా చేరాను. కాగితం మీద రాసి, ఫోనుతో బొమ్మ తీసి పంపుతున్నాను. ఇక్కడి పోస్టులో వేస్తే నేను ఇంటికి వచ్చాక గాని నీకు అందదు. అక్షరాలు చిన్నగా కనిపిస్తే కిశోర్ బావను అడుగు, పెద్దవి చేసి పెడతాడు. ఎలాగూ చదవలేడు కాబట్టి బావ చేతికి ఫోనిచ్చినా నాకు భయం లేదు. ఆదివారాలు నువ్వు మా ఇద్దరికీ తెలుగు నేర్పుతానని కూర్చోబెడితే నేను కూర్చున్నాను, బావ కిటికీ దూకి బంతాటకు పోయాడు. ఆయనగారికి పడాల్సిన దెబ్బలు కూడా నాకే పడ్డాయి.

దేశం పేరు చెప్పినప్పుడు నువ్వు "తుడుసుకునే తువ్వాలా?" అని నవ్వావు. నిజంగానే ఆరేసిన తువ్వాలంత సన్నగా ఉంది. రోడ్డు మీద నిలబడితే ఒక పక్క పెద్ద సముద్రం, ఇంకో పక్క దీవి లోపలికి నిలిచిన ఉప్పునీళ్ళు. మధ్యలో ఉన్న ఆ కాస్త నేలలో ఎక్కువ భాగం విమానం దిగే దారికే పోయింది. విమానం లేనప్పుడు దాని మీదే పిల్లలు ఆడుకుంటారు, సాయంత్రం పెద్దవాళ్ళు చాపలు పరుచుకుని కబుర్లు చెప్పుకుంటారు. విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది. అందరూ చాపలు చుట్టుకుని పక్కకు తప్పుకుంటారు, అది దిగాక మళ్ళీ వచ్చి కూర్చుంటారు. మన ఊరు బటాంగ్ బెర్జుంటైలో లారీ వస్తేనే ఎంత గొడవ చేస్తారో తలుచుకుని నవ్వుకున్నాను.

ఊరికే చూసిపోవడానికి ఇక్కడికి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. పాస్‌పోర్టు చూసిన ఆఫీసరు నన్ను కాసేపు ఎగాదిగా చూసి, పని మీద వచ్చానంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నదులు లేవు, తాగడానికి బావినీళ్ళు పనికిరావు. ప్రతి ఇంటికీ వాననీళ్ళు పట్టుకునే ట్యాంకు ఉంటుంది. ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయో ఫోనులో చూపించే పరికరం సైబర్‌జయలో ఉన్న మా కంపెనీ తయారుచేసింది. దాన్ని బిగించి, ఇక్కడివాళ్ళకు నేర్పించడం నా పని. నీళ్ళ ఆఫీసులో పనిచేసే లోసా అనే అమ్మాయి ఇంట్లోనే ఉంటున్నాను. చేపలూ కొబ్బరీ అన్నం, పూటపూటా అదే. నువ్వు కట్టిచ్చిన కారప్పొడి అప్పుడే సగమైంది.

నేను బయల్దేరేటప్పుడు నువ్వు అడిగిన విషయం నేను మరిచిపోలేదు. బావకూ నాకూ పెళ్ళి సంగతి నేను వచ్చాక కూర్చుని మాట్లాడదాం. అంతదాకా ముత్యాలు మావయ్యకు మాట ఇవ్వకు. బావ ఆయన కొడుకే గాని, పెంచింది నువ్వు కదా. నువ్వు ఆగమంటే ఆయన ఆగుతాడు.

నీ కూతురు,
సుగంధి


ఫునఫూటి
శనివారం

అమ్మకి,

నువ్వు ఫోనులో మాట్లాడి పంపింది విన్నాను. "మీ మావ వచ్చినాడు సుగంధీ. మాట ఇచ్చేసినాను. నువ్వొచ్చిన ఆదోరమే తాంబూలాలు. సీర ఏ రంగు తియ్యమంటావు?" అని అడిగావు. అంత సంతోషంగా నువ్వు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. అందుకే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చీర రంగు సంగతి తర్వాత, ముందు ఇక్కడ ఏం జరిగిందో విను.

మొన్న లోసా, నేను గదిలో కూర్చుని ఏదో తమాషా చెప్పుకుని నవ్వుకుంటున్నాం. వాళ్ళ అన్న లోపలికి వచ్చాడు. లోసా టక్కున నవ్వు ఆపేసి, లేచి బయటికి వెళ్ళిపోయింది. ఏమైనా గొడవపడ్డారేమో అనుకున్నాను. అడిగితే, అదేం లేదు, ఎదిగిన అన్న ముందు చెల్లెలు వేళాకోళాలు ఆడదు, అది మర్యాద అంది. "అంత దగ్గరి సంబంధం మాకు ఇంకొకటి లేదు, అందుకే అంత జాగ్రత్త" అని కూడా అంది. సొంత అన్నతోనేనా అన్నాను. మేనమామ కొడుకుతోనైనా అంతే, అతనూ అన్నే అంది.

నాకు నవ్వొచ్చింది. "అయితే మా ఇళ్ళలో పెళ్ళిళ్ళే జరగవు. నేను చేసుకోబోయేది మా మేనమామ కొడుకునే. మా ఇంట్లోనే పెరిగాడు" అనేశాను. మనలో ఆ మాట ఎంత సులువుగా అంటాం! ఇక్కడ అనకూడదని నాకు తట్టనే లేదు. లోసా మొహం ఎర్రబడింది. వాళ్ళమ్మ కొబ్బరి కోరుతూ, ఏమంది, ఏమంది అని అడిగింది. లోసా చెప్పింది. ఆవిడ కోరడం ఆపి నన్నే చూస్తూ ఏదో అంది. "మీ దేశంలో మగవాళ్ళు అయిపోయారా అని అడుగుతోంది" అంది లోసా.

నాకు రోషం వచ్చింది. మేనరికం అంటే ఏమిటో, మా తాతలు ఆంధ్రా నుంచి సముద్రం దాటి మా ఊరి రబ్బరు తోటలకు వచ్చి, ఎవరూ తెలియని చోట తమలో తామే పిల్లనెలా ఇచ్చుకున్నారో, నువ్వూ నాన్నా కూడా అలాగే పెళ్ళి చేసుకుని ఎంత బాగా బతికారో, అన్నీ చెప్పాను. నువ్వు వింటే మురిసిపోయేదానివి. లోసా అంతా విని ఒకటే అడిగింది. "అది మీ ఆచారం, సరే. నువ్వు అతన్ని ఎలా చూశావు, చిన్నప్పటి నుంచి?" నీళ్ళ ట్యాంకు చూసొస్తానని లేచిపోయాను.

అమ్మా, నువ్వు కోప్పడినా సరే, ఇప్పుడు చెబుతాను. అత్త పోయాక మావయ్య బావను మన గుమ్మంలో దింపినప్పుడు నాకు ఇంకా మాటలే సరిగా రావు. ఒకే పళ్ళెంలో ఇద్దరికీ ముద్దలు పెట్టావు. జ్వరమొస్తే నన్ను వీపున వేసుకుని క్లినిక్‌కు పరిగెత్తింది బావే. బస్సులో నన్ను ఏడిపించినవాణ్ణి పట్టుకుని కొట్టింది బావే. నాకు బావ అంటే ప్రాణం. కాని పెళ్ళి అనుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది. ఎంత నచ్చజెప్పుకున్నా అది పోవడం లేదు.

ఒకసారి వంటింట్లో నీతో అన్నాను, "బావ నాకు అన్నలాగా అనిపిస్తాడే" అని. నువ్వు పకపకా నవ్వావు. "బావ అన్న ఎలాగవుతాడే, ఎర్రిమొహమా!" అన్నావు. ఊరుకోకుండా పక్కింటి కమలం పిన్నిని పిలిచి చెప్పావు. ఆవిడా నవ్వింది. ఆ రోజు నుంచి నేను ఆ మాట ఎత్తలేదు. నాకు ఏ మగపిల్లవాడి మీదా మనసు లేదు, బావలో వంక పెట్టడానికీ ఏమీ లేదు. నాకున్న ఒక్క కారణమూ నవ్వులపాలైపోయాక ఇంకేం చెప్పను? ఈ ఉద్యోగం మీద ఎవరు వెళ్తారు అని ఆఫీసులో అడిగితే అందరికంటే ముందు నేను చెయ్యెత్తింది అందుకే.

ఇదిగో, బావను అన్న అనే దేశం ఒకటుంది. ఆ మాటకు ఇక్కడ ఎవరూ నవ్వరు. మావయ్యతో ఈ సంగతి చెప్పు. నేను వద్దన్నానని చెప్పకు. సుగంధి వెళ్ళిన చోట ఇది పాపమట, పిల్ల బెదిరిపోయింది, కొన్నాళ్ళు ఆగుదాం అని చెప్పు. దణ్ణం పెడతాను.

నీ
సుగంధి


ఫునఫూటి
బుధవారం

అమ్మకి,

నీ జవాబు విన్నాను. పక్కనే కూర్చున్న లోసాకు మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. "ఆ దీవోళ్ళ కట్టుబాటు మనకేటి? ఆళ్ళు అన్నని సూసి పక్కకి పోతారేటో, మనం కూసోబెట్టి అన్నం పెడతాం. ఆళ్ళ ఊసు మీ మావకి సెప్తే నన్ను సూసి నవ్వుతాడు!" అన్నావు. నీ మాటలో తప్పు లేదు.

లోసాకు జరిగిందంతా చెప్పాను. నన్ను ఓదారుస్తుందనుకుంటే, నా మీదే కోప్పడింది. "మమ్మల్ని ఎందుకు అడ్డం పెట్టుకుంటావు? మాకు కట్టుబాటు ఉంది గనక మా ఆడపిల్ల నోరు తెరవక్కర్లేదు. మీకు లేదు గనక నువ్వే తెరవాలి" అంది. వాళ్ళమ్మ మాత్రం నేను పాపంలో పడబోతున్నానని నా కోసం ప్రార్థన చేస్తోంది. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు.

కాబట్టి కింద బావకు ఒక ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో ఫోనుకే పంపొచ్చు కదా అంటావు. పంపొచ్చు. అప్పుడు బావ ఒక్కడే చదువుకుని, లోపల దాచుకుని, ఏమీ జరగనట్టు నీకు వేడి కోపి కలిపి ఇస్తాడు. నువ్వు తాంబూలాల పళ్ళేలు తోముకుంటూ ఉంటావు. పిల్లలు ఏదో అలిగారు, సర్దుకుంటారులే అంటావు. అందుకే తెలుగులో రాశాను. నువ్వే చదివి వినిపించాలి. మధ్యలో ఆపకు, నీ మాటలు కలపకు, మెత్తగా చెయ్యకు.

నీ భయం నాకు తెలుసు. మేమిద్దరం చేసుకుంటే ఇద్దరం నీ దగ్గరే ఉంటాం. లేకపోతే ఎవరు ఎటు పోతారో అని. నేను ఎటూ పోనని మాట ఇవ్వలేను. ఈ భయం కోసం పెళ్ళి మాత్రం చేసుకోలేను.

కిశోర్ బావకి,

సుగంధి రాస్తున్నది. నాకు ఈ పెళ్ళి వద్దు. ఈ దీవిలో వద్దంటారని కాదు, నాకే వద్దు. ఇంకెవరో ఉన్నారని కాదు, లేరు. నీలో తప్పుందనీ కాదు. నిన్ను నేను అన్నగానే చూస్తూ పెరిగాను. మన వాళ్ళలో ఆ మాటకు చోటు లేదని తెలుసు, అయినా నిజం అదే. నీ మనసులో ఏముందో నేను ఏ రోజూ అడగలేదు. కోపమొస్తే నా మీద పడు. అమ్మ మీద పడకు, అమ్మ నీకు తల్లే. ఇల్లు మాత్రం వదిలి వెళ్ళకు. మావయ్యకు నేను వచ్చి నా నోటితోనే చెబుతాను.

సుగంధి


బటాంగ్ బెర్జుంటై
ఆదివారం

సుగంధికి, మీ అమ్మ రాసేది.

నీలాగ అచ్చులో ఉన్నట్టు రాయడం నాకు రాదు. మాటాడినట్టే రాస్తాను. రాసి బొమ్మ తీయమని కిశోర్‌కే ఇస్తాను.

నువ్వు సెప్పినట్టే చదివినాను. చదవకుండా రెండు రోజులు ఫోను దిండు కింద పెట్టినాను, అది కూడా సెప్తున్నాను. తరవాత అన్నం తిన్నాక ఆణ్ణి కూసోబెట్టి చదివినాను. మధ్యలో ఫోను ఒళ్ళో పెట్టేసినాను. "సదువత్తా" అన్నాడు. పూర్తిగా చదివినాను. "ఇంకోపాలి సదువు" అన్నాడు. మళ్ళా చదివినాను. లేచి బయటికెళ్ళి మోటారు సైకిలు మీద కూసున్నాడు. బండి తియ్యలేదు. ఆడు అలాగే కూసుంటే నేను తలుపులో నిలబడి సూసినాను. ఆణ్ణి మా అన్న ఇక్కడ దింపిన రోజున కూడా అలాగే గుమ్మంలో కూసుని లోపలికి రాలేదు.

మీ మావకి నేనే సెప్పేసినాను. నువ్వొచ్చేదాకా ఆగితే మళ్ళా నా మనసు మారిపోద్దని భయమేసింది. మా అన్న నేను పోసిన కోపి తాగకుండా ఎల్లిపోనాడు. మళ్ళా ఎప్పుడు వస్తాడో తెల్దు. నాకు నీ మీద కోపం ఉంది. లేదని రాయను. వొచ్చినాక నాలుగు తిడతాను, పడు.

వంటింట్లో నేను నవ్వినానన్నావు. నాకు గుర్తు లేదు. నీకు గుర్తుందంటే నవ్వే ఉంటాను. అంత మాట నీ నోట్లోంచి వచ్చినప్పుడు పొయ్యి కట్టేసి, నీ దగ్గిర కూసోవలసింది. కమలాన్ని పిలిసినాను. ఆ సంగతే ఈ రెండు రోజులు నాకు తిండి సయించనియ్యలేదు.

ఇయ్యాల పొద్దున్న కిశోర్ కలం తెచ్చి నా ముందర పెట్టినాడు. "నేను సెప్తాను, నువ్వు రాయి అత్తా. ఏటీ కలపకు" అన్నాడు. ఆడు సెప్పింది సెప్పినట్టు కింద రాస్తున్నాను.

"సుగంధీ, నాకు ఇష్టమే ఉండింది. అత్త మాట తీసెయ్యలేక ఒప్పుకున్నది కాదు, నా ఇష్టంతోనే ఒప్పుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ సెప్పలేదు. నువ్వు నన్ను అన్న అనుకున్నావంటే నేనేటి సెయ్యగలను. నేను నిన్ను సెల్లి అనుకోలేదు. ఇప్పటికిప్పుడు అనుకోమంటే రాదు, అడక్కు. ఇల్లు వదిలి పోను. అత్తని వదిలి ఎక్కడికి పోతాను? ఇంత దూరం పోయి సెప్పినావు సూడు, దానికే కోపం నాకు. ఇంట్లోనే సెప్పుంటే ఇంట్లోనే కోప్పడేవోణ్ణి. విమానం ఎప్పుడు దిగుతాదో సెప్పు. ఎయిర్‌పోర్టుకి వస్తాను. కారులో నీతో మాటాడను. కాని వస్తాను."

కిశోర్‌కుమార్ సెప్పగా రాసినది,
మీ అమ్మ నూకమ్మ