దొరకీ దాదాకీ మధ్య

ప్రియమైన చెల్లాయికి,

మీ అక్క ఆశీస్సులు. నీ ఓడ ఇప్పుడు ఏ రేవులో ఉందో, ఈ ఉత్తరం నీ చేతికి ఎప్పుడు చేరుతుందో తెలియదు. అయినా ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే నా బుర్ర పగిలేట్టుంది.

నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన రెండు పిల్లుల్లో చిట్టి బంగారం. పెట్టింది తింటుంది, కుట్టుమిషన్ పక్కన ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ పడుకుంటుంది. దాని తమ్ముడే, ఆ నీ దొరగారే, నన్ను తోడేస్తున్నాడు. తప్పంతా వాడిదేనని అనను. ఈ మధ్య వీధిలో ఒక నల్ల గండుపిల్లి తయారైంది. అందరూ దాన్ని దాదా అంటున్నారు. తెల్లారితే చాలు, మన కుట్టుగది కిటికీలోంచి లోపలికి దూరాలని చూస్తాడు. మన దొర ఊరుకుంటాడా? ఇద్దరూ గోడ మీద ఎదురెదురుగా కూర్చుని, పసిపిల్లల్ని ఎవరో గిల్లుతున్నట్టు రాగం తీస్తారు. తర్వాత ఒకటే కలియబడటం. నిన్న దొర కుడిచెవి చిరిగింది. పట్టుకుని మందు రాద్దామంటే నన్నే రక్కాడు.

అంతటితో ఆగితే ఇంత గోల పెట్టను. ఇల్లు తనదేనని దాదాకి చాటడానికి గది నిండా తడుపుతున్నాడు. గాయకబృందానికి కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించిన తెల్లకోట్లు కూడా వదల్లేదు. ఎంత ఉతికినా వాసన పోక అన్నీ మళ్ళీ కుట్టాను. ఇంటావిడ మెట్లెక్కి వచ్చి ముక్కు మూసుకునే చెప్పింది. "చూడమ్మాయ్, నెలాఖరుకి ఇంట్లో ఆ గండుపిల్లయినా ఉండకూడదు, నువ్వైనా ఉండకూడదు. ఏది ఉంచుకుంటావో నీ ఇష్టం."

దాదా ఎవరో కాదు, ఎదురింటి క్లారినెట్ మాస్టారి పిల్లి. ఆయన భార్య బతికున్నప్పుడు ఆవిడ ఒడి దిగేవాడు కాదట. వాణ్ణి కాస్త కట్టడి చెయ్యండి మాస్టారూ అని అడిగితే, "అది నా పిల్లి కాదమ్మా, ఆవిడ పిల్లి. ఆవిడ పోయాక కొన్నాళ్ళు చూసి, నన్నూ వదిలేసి వీధిన పడింది" అని తలుపేసుకున్నారు. పైగా ఆయన పనే నా చేతిలో ఉంది, గట్టిగా అనలేను. ఆవిడ బట్టలన్నీ కలిపి ఒక బొంత కుట్టమన్నారు.

ఏం చెయ్యమంటావు? పిల్లుల సంగతి నీకూ మరిదికీ తెలిసినట్టు నాకు తెలియదు. త్వరగా రాయి.

నీ
అక్క

*

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం వంటగదిలో నిలబడే చదివాను. ఇక్కడ గిన్నెలన్నీ పొయ్యికి కట్టేసి వండుతున్నాను. సముద్రం ఒక్కసారి ఊగితే సూపంతా నా బూట్లలోకే. దానికి ఏడవనిదాన్ని, దొర చెవి దగ్గరికొచ్చేసరికి ఏడ్చాను. ఉల్లిపాయలని చెప్పి తప్పించుకున్నాను.

ముందు కిటికీ మూసి, కింది సగానికి కాగితం అంటించెయ్. దాదా కనబడకపోతే సగం గొడవ తగ్గుతుంది. కొట్టుకుంటున్నప్పుడు మధ్యలో చెయ్యి పెట్టకు, రెండు మూతలు వాయించు చాలు. దొరను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించు. తడిపిన చోట సబ్బుతో కాదు, నీళ్ళలో వెనిగర్ కలిపి తుడువు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడేమిటని అడగకు అక్కా. ఆయన పోయాక నేను మంచం దిగని రోజులు నీకు తెలుసు. అన్నాలు పట్టుకుని నువ్వొచ్చావు, ఓదార్చడానికి ఊరంతా వచ్చింది. కానీ నన్ను లేపింది దొర. ఆకలేసి నా బొటనవేలు కొరికాడు, తిట్టడానికి లేచాను, మళ్ళీ పడుకోలేదు. ఆయన అరచేతిలో కళ్ళు తెరిచినవాడు వాడు. వాడు కూడా లేకపోతే నేను ఓడ దిగి ఏ ఇంటికి రావాలి? వాణ్ణి మాత్రం ఎక్కడికీ పంపకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ
చెల్లాయి

*

ప్రియమైన చెల్లాయికి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. కిటికీకి కాగితం అంటించాను, ఆపరేషన్ అయింది, ఇల్లంతా ఊరగాయ జాడీలా వెనిగర్ కంపు. దాదా అవతల గోకుతున్నాడే తప్ప లోపలికి రాలేకపోతున్నాడు. హమ్మయ్య అనుకుని ఒక పూట కూడా గడవలేదు, అసలు నరకం మొదలైంది.

దొర చిట్టి మీద పడ్డాడు. నిజం చెల్లాయ్. ఒకదాని పొట్ట మీద ఒకటి తల పెట్టి పడుకునే అక్కాతమ్ముళ్ళు! చిట్టి దగ్గరికి వచ్చింది, వాడు వాసన చూశాడు, తోక బ్రష్షులా ఉబ్బింది, అంతే. జుట్టు గుప్పెళ్ళుగా ఊడి నేల మీద పడింది. అప్పటినుంచి చిట్టి బీరువా దిగడం లేదు. గిన్నె పైకి అందిస్తే కిందికే చూస్తూ వణుకుతూ తింటుంది. వాడు కింద కాపలా. నువ్వు వద్దన్నా మధ్యలో చెయ్యి పెట్టాను, బొటనవేలు వాచి కత్తెర పట్టుకోలేకపోతున్నాను. కోట్లు ఆగిపోయాయి, బొంత ఆగిపోయింది, కాజాలు కుట్టడానికి పక్కవీధి ఆవిణ్ణి బతిమాలుకుంటున్నాను.

వాడికి పిచ్చెక్కింది, ఇంకేం లేదు. ఇంటావిడ కేకలు విని మళ్ళీ వచ్చింది. గడువు దగ్గరపడింది. గోనెసంచుల గోడౌన్ కాపలాదారు ఎలుకల బాధ పడలేక దొరను ఇమ్మంటున్నాడు. మంచివాడే, పాలు పోస్తానన్నాడు. నువ్వు "ఊఁ" అనకుండా నేను పంపను. కానీ చిట్టిని చూస్తే ఏడుపొస్తోంది, నన్ను నేను చూసుకున్నా ఏడుపొస్తోంది. ఒక్క మాట రాయి.

నీ
అక్క

*

అక్కా,

వద్దు. వద్దు. వద్దు.

గోడౌన్లలో ఉండేవి పుట్టుకతోనే వీధి పిల్లులు. వీడు దిండు లేనిదే పడుకోడు. మొదటి రోజే చీల్చేస్తాయి వీణ్ణి.

వాడికి పిచ్చెక్కలేదు. పిల్లి మొహం చూసి గుర్తుపట్టదు, వాసన చూసి గుర్తుపడుతుంది. చిట్టి ఒంటికి ఏదో పరాయి వాసన అంటి ఉంటుంది, వాడు శత్రువే ఇంట్లో దూరాడనుకుంటున్నాడు. చిట్టి ఎక్కడ పడుకుంటోందో చూడు. బయటినుంచి ఇంట్లోకి ఏం వచ్చిందో చూడు. నీ ఇల్లంటే ఊళ్ళోవాళ్ళ బట్టలే కదా!

కెప్టెన్‌ని అడిగాను. వచ్చే రేవులో దిగి వచ్చేస్తాను. అంతవరకూ వాణ్ణి స్నానాలగదిలో పెట్టి గొళ్ళెం వెయ్యి. ఇంటావిడకి నేను జవాబు చెబుతాను.

నీ
చెల్లాయి

*

ప్రియమైన చెల్లాయికి,

ఎలా రాయాలో తెలియడం లేదు. నీ ఉత్తరం రాకముందే గడువు అయిపోయింది. ఇంటావిడ తాళంకప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడింది. దొరను బుట్టలో పెట్టి గోడౌన్ కాపలాదారుకి ఇచ్చేశాను. వాడు అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇంక దొర లేడు కదా, గాలైనా వస్తుందని కిటికీ తెరిచాను. దాదా వచ్చాడు. నేను చీపురు అందుకున్నాను. వాడు నన్ను చూడలేదు, బీరువా మీది చిట్టిని చూడలేదు, పాలగిన్నె వైపు కూడా చూడలేదు. నేరుగా మిషన్ పక్కనున్న మాస్టారి భార్య బట్టల మూట ఎక్కాడు. ముందుకాళ్ళతో దాన్ని పిసుకుతూ, తల్లి దగ్గర కూనలా నోటితో గుడ్డ చప్పరిస్తూ గుర్రుమన్నాడు. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పాత బట్టలతో బొంత కుట్టేటప్పుడు ముందు నానబెట్టి ఉతికి ఆరేస్తాను. నా పద్ధతి నీకు తెలుసు. కానీ మాస్టారు మూట ఇస్తూ, "ఉతక్కుండా కుట్టగలరా అమ్మా?" అని అడిగారు. ఎందుకో అర్థమై సరేనన్నాను. ఆవిడ పోయినప్పటినుంచి దాదా పడుకుంటున్నది ఆ బట్టల మీదే. ఆయన వాటిని మన ఇంటికి పంపేశారు, వాడు వాటి వెంటే వచ్చాడు. మనింటి కోసం కాదు చెల్లాయ్, దొరతో పోట్లాడటానికీ కాదు. ఇక మన చిట్టి మెత్తగా ఉందని ఆ మూట మీదే పడుకునేది. ఒంటినిండా దాదా వాసన పూసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. నీ ఉత్తరం మర్నాడు వచ్చింది.

మాస్టారిని పిలుచుకొచ్చి చూపించాను. "నేను వీణ్ణి విశ్వాసం లేనివాడని తిట్టానమ్మా. అన్నం పెట్టడం కూడా మానేశాను" అన్నారు. నేల మీద కూర్చుని, మూటతో సహా వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, అంత పెద్దాయన వెక్కివెక్కి ఏడ్చారు.

వెంటనే గోడౌన్‌కి పరుగెత్తాను. దొర లేడు. వెళ్ళిన రోజే అక్కడి పిల్లులు తరిమాయట, సంచుల వెనక్కి దూరాడట, ఆ తర్వాత ఎవరూ చూడలేదు. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఒకచోట నేల మీద రక్తం ఉంది. అది వాడిదో కాదో తెలియదు.

నన్ను తిట్టు. నువ్వు తిడితే కాస్త ఊపిరాడుతుంది.

నీ
అక్క

*

అక్కా,

తిట్టడానికి కూడా ఓపిక లేదు. తప్పు నీది కాదని బుద్ధికి తెలుస్తూనే ఉంది, మనసే వినడం లేదు. ఈ రోజు కూరలు తరుగుతూ తరుగుతూ కత్తి అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. చుట్టూ నీళ్ళు. ఎటు పరుగెత్తను?

వెతుకు అక్కా. ఇంకేం చెయ్యగలవు, వెతుకు. దొరికితే రాయి. దొరక్కపోతే రాయకు.

చెల్లాయి

*

ప్రియమైన చెల్లాయికి,

రాస్తున్నాను.

రోజూ గోడౌన్ చుట్టూ తిరిగాను. మాస్టారు కూడా వచ్చేవారు. ఒకరోజు ఆయన, "మీరు గొంతు చించుకుంటే వాడు ఇంకా బెదురుతాడు. మావాడికి ఆ మూట ఉన్నట్టు, మీవాడికి మీ ఇంట్లో ఏదీ లేదా అమ్మా?" అని అడిగారు.

ఉంది. ఓడెక్కే ముందు మరిది చొక్కాలన్నీ నా ముందు పడేసి, "ఎవరికైనా ఇచ్చెయ్, చింపి మసిగుడ్డలైనా చేసుకో, నా కంటికి మాత్రం కనబడనివ్వకు" అన్నావు. ఊఁ అన్నాను గానీ చేతులు రాలేదు. ఒక్క బొత్తాం కూడా ఊడదియ్యలేదు. ఉతకనూ లేదు. మూటకట్టి నా ఇనప్పెట్టె అడుగున పెట్టాను.

మోచేతి దగ్గర నేను మాసిక వేసిన ఆ గళ్ళ చొక్కా తీసుకెళ్ళి, సంచుల మధ్య పరిచి, ఇద్దరం దూరంగా నోరు మూసుకుని కూర్చున్నాం. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. మాస్టారు కునుకు తీశారు. అప్పుడు వచ్చాడు. ఎముకల గూడు. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. చొక్కా చుట్టూ తిరిగి తిరిగి, చంక దగ్గర మొహం దూర్చి, అలాగే ఒరిగిపోయాడు. చొక్కాతో సహా ఎత్తుకుంటే గోరు కూడా తియ్యలేదు.

కన్ను దక్కుతుందన్నాడు డాక్టరు. ఇప్పుడు వాడు లోపలి గదిలో, చిట్టి బయట. మూసిన తలుపుకి చెరోవైపు గిన్నెలు పెడుతున్నాను. నిన్నటివరకు బుసలు కొట్టుకున్నాయి, ఈ రోజు బుసలు కొడుతూనే తిన్నాయి. మాస్టారు బొంత వద్దని, మూటను ఉన్నదున్నట్టుగా ఇంటికి తీసుకెళ్ళిపోయారు. దాదా మళ్ళీ ఇటు రాలేదు. ఇంటావిడ వచ్చి గదంతా వాసన చూసి, వంక దొరక్క, మెట్ల మీద చెప్పులు విడుస్తున్నానని దెప్పి వెళ్ళింది.

ఓడ దిగడం, దిగకపోవడం నీ ఇష్టం. ఎప్పుడొచ్చినా దొర ఇక్కడే ఉంటాడు. ఈ ఉత్తరంతో ఒక పొట్లం కూడా పంపుతున్నాను. అందులో మరిది నీలం చొక్కా ఉంది. ఇన్నాళ్ళూ నీకు ఇవ్వడానికి భయపడ్డాను, ఇప్పుడు ఇవ్వకపోవడానికే భయమేస్తోంది. వంటగదిలో విప్పకు, ఆ వాసనలన్నీ పట్టేస్తాయి. నీ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని విప్పు.

ఎప్పటికీ నీ
అక్క