అరుగు మీద తాళం చెవి

జూన్ పన్నెండు, గురువారం

ప్రియమైన అక్కకి,

ఇవాళ పొద్దున్నే ఒక వింత: చనిపోయిన మనిషి ఊరెళ్ళాడని ఒకావిడ చెప్పగా చెవులారా విన్నాను. నవ్వకు, మొదట్నుంచీ చెప్తాను.

నేనిక్కడికి ఎందుకొచ్చానో నీకు తెలుసు. విలేకరిగారు పోయి ఏడాది దాటింది. కాళ్ళరిగేలా తిరిగి చుట్టుపక్కల ఊళ్ళ చరిత్రంతా రాసిన మనిషి. ఆ కాగితాలన్నీ కాలేజీ లైబ్రరీకి ఇస్తానని వాళ్ళావిడ, మామ్మగారు, మా మాస్టారికి మాటిచ్చారు. వాటిని సర్ది జాబితా రాసే పని నాది. తిండీ పడకా వాళ్ళింట్లోనే. వచ్చేటప్పుడు ఎగిరి గంతేశానా, ఇప్పుడు అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

సంగతేమిటంటే, నేను కాగితాల గదిలోకి వెళ్ళగానే మామ్మగారు బయట తాళం వేసేస్తారు. గది వీధి వైపు ఉంటుంది, తలుపు తీస్తే అరుగు. ఆ అరుగు మీద కుర్చీ వేసుకుని, తాళం చెవి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటారు. మొదటి రోజు పొరపాటున వేశారనుకుని తలుపు బాదాను.

"అప్పుడే అయిపోయిందా?" అన్నారు తీస్తూ.

"తాళం ఎందుకండీ?"

"లోపల రాతపని ఉంటే బయట తాళం ఉండాలి" అన్నారు, పొయ్యి వెలిగించకుండా వంటెలా అవుతుందన్నట్టు.

ఆ పద్ధతి విలేకరిగారిదేనట. రాసుకుంటుంటే వచ్చేపోయేవాళ్ళ బెడద ఎక్కువని, తను లోపల కూర్చుని ఆవిడ చేత తాళం వేయించుకునేవారు. వచ్చినవాళ్ళు తాళం కప్ప చూసి వెనక్కి తిరిగేవాళ్ళు. రాయడం అయ్యాక ఆయన లోపల్నుంచి తలుపు తడితే ఆవిడ తీసేవారు.

ఇవాళ ఎవరో పాత పరిచయస్తుడొచ్చాడు. కబురు తెలియదు కాబోలు, "విలేకరిగారున్నారాండీ?" అన్నాడు.

"ఊళ్ళో లేరు" అన్నారు మామ్మగారు, తడుముకోకుండా.

"ఎప్పుడొస్తారు?"

"చెప్పి వెళ్ళలేదు."

లోపల నేను తుమ్మొస్తుంటే ముక్కు నొక్కుకుని నిలబడ్డాను. ఆ క్షణాన నేనూ ఈ ఊళ్ళో లేనట్టే, ఎక్కడా లేనట్టే అనిపించింది.

గదికి ఉన్నది ఒకటే కిటికీ. దానికి అడ్డంగా కప్పు దాకా కట్టలు. పట్టపగలు కూడా లైటు కింద చదవాలి. గోడలు రోజుకో జానెడు దగ్గరికి జరుగుతున్నాయని నా అనుమానం. పోయిన వారం ఒక కట్టలో కరువు మీద ఆయన రాసిన వ్యాసం దొరికింది. "నీళ్ళు ఇంకిపోయాక బావిలో మిగిలింది లోతు ఒక్కటే" అని ఒక వాక్యం. అక్కా, అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వినేవాళ్ళు లేక గోడకు వినిపించాను. ఇలాంటి వాక్యం ఒక్కటి రాయగలిగితే జీవితాంతం తాళం వేసి ఉంచినా సరేననిపించింది.

అది పోయిన వారం మాట. ఇక నా వల్ల కాదు. వచ్చే వారం శనివారం బావను పంపు. నాకు జ్వరమని మాస్టారికి చెప్తాను. మామ్మగారికి చెప్పడానికే నోరు రావడం లేదు.

నీ వసపిట్ట


జూన్ పదిహేడు, మంగళవారం

అక్కా,

ఇవాళ మామ్మగారు తాళం వేయబోతుంటే చెప్పేశాను. "శనివారం వెళ్ళిపోతానండీ. ఇక్కడ ఖైదులో ఉన్నట్టుంది. ఊపిరాడటం లేదు."

"లోపల ఫ్యానుంది కదే" అన్నారు.

ఒళ్ళు మండింది. "మీకేమండీ, హాయిగా అరుగు మీద కూర్చుని వీధి చూస్తారు! పోనీ తాళం వేశాక లోపలికెళ్ళి నడుం వాల్చొచ్చు కదా. నేనేమన్నా పారిపోతానా, ఆ కాపలా ఎందుకు?"

"నేను లేచి వెళ్తే, నువ్వు తట్టినప్పుడు ఎవరు తీస్తారు?"

ఆవిడ కుర్చీలో కూర్చుని తాళం కప్ప ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకూ ఒక అక్క ఉండేది" అన్నారు.

పక్క వీధిలోనే ఉండేదట. కరువొచ్చిన ఏడు జబ్బు చేసింది. ఒక పొద్దున్న వాళ్ళ పొరుగావిడ పరుగెత్తుకొచ్చి, "మీ అక్క నిన్నే కలవరిస్తోంది, రావే" అంది. విలేకరిగారు లోపలున్నారు. "నువ్వు పద, వచ్చేస్తున్నా" అన్నారట ఈవిడ.

"తాళం తీసి వెళ్ళాల్సిందండీ!"

"తీయొచ్చు. చప్పుడైతే పట్టుకున్న వాక్యం జారిపోతుందనేవారు. ఇప్పుడు తడతారు, ఇదిగో ఇప్పుడు తడతారు అని తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను. ఆయన తట్టేసరికి మా అక్క లేదు."

"ఆయనకు తెలిసిందా?"

"చంటిపిల్లాడిలా ఏడ్చారు. మర్నాడు తాళం వద్దన్నారు. నేనే వేశాను. అంత పోగొట్టుకుని, అదంతా దండగేనని ఒప్పుకోవడం నా వల్ల కాలేదే."

ఇన్నేళ్ళూ లోపలున్నాయన ఊళ్ళన్నీ రాశాడు. తాళం చెవి చేతిలో ఉన్నావిడ పక్క వీధికి వెళ్ళలేకపోయింది. ఖైదని నేను ఎవరితో అన్నానో తలుచుకుంటే సిగ్గేసింది.

"ఆ రోజు ఆయన ఏం రాశారండీ?" అన్నాను.

"బావి గురించి ఏదో. ఆయన రాసినవన్నీ చదివాను, అదొక్కటే ముట్టుకోలేదు."

నేను గోడకు వినిపించిన వాక్యం అదే, అక్కా. అది ఇప్పటికీ అంత బాగానే ఉంది. అదే నా బాధ.

ఆవిడే మళ్ళీ అడిగారు. "ఆ కాగితాలు దొరికాయా?"

"పై కట్టలోనే ఉన్నాయండీ."

"రేపు నువ్వు ఈ కుర్చీలో కూర్చో. నేను లోపల కూర్చుని చదువుకుంటాను."

"తాళం వేయనండీ."

"వేయకు."

"మరి ఎవరైనా వచ్చి అడిగితే?"

"ఉన్నానని చెప్పు" అన్నారు.

కాబట్టి శనివారం బావను పంపకు. వీలైతే నువ్వే రా, ఊరికే, నన్ను చూడటానికి. జాబితా పూర్తి చేసే వస్తాను. రేపు తెల్లారగానే లేచి కిటికీకి అడ్డంగా ఉన్న కట్టలన్నీ కిందికి దించాలి. ఆవిడ కళ్ళకు లైటు వెలుతురు చాలదు.

నీ చెల్లి