గ్యాస్ బండ కోసం ఇచ్చిన కాగితం

అత్తయ్యగారూ,

రేపు మీ సంవత్సరీకం. వచ్చే గురువారమే మన గుణదల ఇంట్లో మీ పెద్దబ్బాయి గృహప్రవేశం. బావగారు పైన మేడ వేశారు, కింద గ్రానైట్ పరిపించారు, నన్ను వెనకగదిలోకి మార్చారు.

మీరు రిజిస్టరు చేయించానని నాతో చెప్పిన వీలునామా చూపించమంటే, "అమ్మ ఏమీ రాయలేదు. అయినా మా తమ్ముడే లేనప్పుడు నీకెందుకమ్మాయ్ అవన్నీ?" అన్నారు. తర్వాత, గ్యాస్ కనెక్షన్ తన పేరుకు మార్పించమని మీ మరణ ధ్రువపత్రం ఆయనే నా చేతికిచ్చారు. దాంతో నేను ముందు రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళాను.

"రాసినావిడ పోయాక నకలు ఎవరడిగినా ఇస్తామండీ. ఈ సర్టిఫికెట్ చాలు," అన్నాడు గుమస్తా.

'నాకు చివరిదాకా అన్నం పెట్టిన చిన్నకోడలికి ఈ ఇల్లు' అని రాయించారు మీరు.

ఇది జరిగి ఆరు నెలలు. నోరు మెదపకుండా పనివాళ్ళకు టీలు అందించాను. గోడలకు ఏ రంగు బాగుంటుందని బావగారు అడిగితే, నాకిష్టమైన రంగే చెప్పాను.

"ఆరోజు నువ్వు ఎదురు రాకు, వంటల దగ్గరుండు," అన్నారాయన. తోటికోడలు పాలు పొంగించేదాకా అక్కడే ఉంటాను. ఆ తర్వాత హాల్లోకొచ్చి, బంధువులందరి ముందూ మీరు రాయించింది చదువుతాను. చదివాక, ఇంటావిడగా ఒక్కమాట అంటాను.

"భోంచేసి వెళ్ళండి, బావగారూ."