మేకలు నిలబడ్డ లెక్క

కోసిగి, శనివారం, జనవరి 1979

ఈ వారం లెక్క బోర్డు మీద రాశాను. మేకలూ కోళ్ళూ కలిపి తలలు పది, కాళ్ళు ఇరవై ఎనిమిది, మేకలెన్ని? నాలుగో తరగతి పిల్లలంతా పలకల మీద గీస్తున్నారు, చెరుపుతున్నారు. మేకలు కాసే మారెమ్మ మాత్రం పలక ముట్టలేదు. కళ్ళు మూసుకుని, "నాలుగు సార్" అంది.

ఎట్లా అని అడిగాను.

"మనసులోనే తుమ్మకొమ్మ ఎత్తి పట్టుకున్నా సార్. మేకలన్నీ ముందుకాళ్ళు ఎత్తి నిలబడినాయి. అప్పుడు నేల మీద తలకు రెండు కాళ్ళే కదా, ఇరవై. గాల్లో ఎనిమిది. అంటే నాలుగు మేకలు."

ట్రైనింగులో నాకు నేర్పిన పద్ధతిలో గుణకారాలున్నాయిగానీ, ఒక్క మేకా లేదు.

బడి వదిలాక దగ్గరికొచ్చింది. "సోమవారం ఆదోనిలో రైలెక్కి సుగ్గికి పోతాండాం సార్, గుంటూరు దిక్కు, మిరపకాయలు కోసేకి. వచ్చే శనివారం లెక్క ఇప్పుడే సెప్పండి. ఆడ సేస్తా."

ఆ పిల్ల తిరిగొచ్చేసరికి పరీక్షలైపోతాయి. పోవద్దనడానికి నేనెవరిని... రేపు ఇంటికొచ్చి చెబుతానన్నాను.

ఇంతసేపూ కూర్చున్నా ఆమెకు తగిన లెక్క ఒక్కటీ తోచడం లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, మేకలన్నీ లేచి నిలబడుతున్నాయి.