ఫ్రీజరు కదలదు

అన్నయ్యా,

నువ్వు పంపిన వ్యాను నిన్న ఖాళీగానే తిరిగొచ్చి ఉంటుంది. డ్రైవరును ఏమీ అనకు. వెనక్కి పంపింది నేనే.

మా ల్యాబులోని రక్తం నమూనాలను ఫ్రీజరుతో సహా మీ పెద్దాసుపత్రికి తరలించమని సంతకం పెట్టావు. నాలుగు చిన్న ఆసుపత్రులు కలిసి కట్టుకున్న ల్యాబు ఇది. క్వారీ పనివాళ్లకు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేలుస్తామంటే, వాళ్లు నమ్మి చేతులు చాచారు. ఇదివరకు మీవాళ్లూ ఇలాగే నమూనాలు పట్టుకెళ్లి, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు మళ్లీ ఇటు తొంగిచూడలేదు.

వ్యాను వచ్చేసరికి క్వారీ ఆడవాళ్లు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

"లేవండమ్మా, పైనుంచి ఆర్డరు" అన్నాడు డ్రైవరు.

"మా ఆయన రక్తం కూడా అందులోనే ఉందయ్యా. ఆయన ఎందుకు పోయాడో చెప్పి, అప్పుడు తీసుకెళ్లు" అంది ఒకావిడ.

నేనూ వెళ్లి ఆవిడ పక్కనే కూర్చున్నాను.

ఉద్యోగం పోతుందని అమ్మచేత ఫోను చేయించావు. పోతే పోనీ. చెల్లెలినని నన్ను కాపాడొద్దు, మధ్యలోకి అమ్మను లాగొద్దు.

పరిశోధన కావాలంటే మీ డాక్టర్లనే ఇక్కడికి పంపు. బల్లలున్నాయి, మైక్రోస్కోపులున్నాయి, మేమున్నాం. తేలినదేదో ముందు ఈ గుమ్మంలో, వీళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ తర్వాత మీ పత్రికల్లో అచ్చేసుకోండి.

మళ్లీ వ్యాను పంపితే నువ్వూ అందులోనే రా. లేవమని ఆవిడకు నీ నోటితోనే చెప్పు.

నీ చెల్లెలు