తిరిగి రాని ఫారాలు

కోయంబత్తూరు, 1956

సర్వే ఆఫీసరు రంగసామి అయ్యగారికి,

టెలిఫోన్ ఆపరేటర్లది తేలిక పనేనని నేను రాసిన రిపోర్టును దయచేసి అచ్చుకు పంపకండి. మనం ఆపరేటర్లకు నూరు ప్రశ్నల ఫారాలు పంచితే ముప్ఫై ఒకటే తిరిగొచ్చాయి. తీరిక ఉన్నవాళ్లే అవి నింపారని నాకు తట్టనే లేదు.

నిన్న ఫారం పంపని జోతిమణిని వెతుక్కుంటూ ఎక్స్ఛేంజికి వెళ్లాను. మిల్లు సంగు, అదే సైరను, ఊదగానే ఆమె ముందున్న బోర్డంతా దీపాలు వెలిగాయి. రెండు చేతులా తీగలు గుచ్చుతూ ఒకరితో అరవం, ఒకరితో ఇంగ్లీషు, అన్నూరు పత్తి వ్యాపారితో మన తెలుగు మాట్లాడుతోంది. ఒక్క తీగ తప్పలేదు. నాకు చేతులు జోడించాలనిపించింది.

"ఫారం ఏమాయె తల్లీ?" అన్నాను.

"కొంచెం ఇరుంగ, ఆగండన్నా, లైన్లో మనుషులుండారు," అంది, తల తిప్పకుండానే.

గంటన్నర నిలబడ్డాను. బోర్డు పక్కన పడున్న ఆమె ఫారం తీసుకుని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఖాళీగానే ఉంది. మళ్లీ రాసే రిపోర్టులో మొదటి పేజీగా దాన్నే వేయండి.

తమ విధేయుడు