బనీను జేబులో కాగితం

ఏమేవ్, మా ముగ్గురినీ ఈ దేశంలోకి రానిచ్చారు, ఇక హాయిగా ఉండు.

అమ్మాయి ఉద్యోగం మారింది కదా, వీసా మీదేమో పాత కంపెనీ పేరే ఉంది. విమానాశ్రయంలో అధికారి కొత్త కంపెనీ కాగితం చూపించమన్నాడు. అది పోకుండా నువ్వు కుట్టిన బనీను జేబులో దాచి, పిన్నీసు పెట్టుకున్నాను. అందరి ముందూ చొక్కా విప్పాను. అమ్మాయి తల దించేసుకుంది. దాని వీసా మీదే వచ్చే అల్లుడు, "మామయ్యా, నన్నూ అందులోనే దాచాల్సింది" అన్నాడు. అధికారి నవ్వుతూ ముద్రలు గుద్దేశాడు. నా సంతోషం ఈ కార్డులో పట్టదే!

నా కళ్ళజోడు పెట్టె అక్కడే ఉందేమో చూడు. మేం చేరేదాకా కాఫీ ముట్టనని మొక్కుకున్నావట, మీ తమ్ముడు చెప్పాడు. మొండిదానివి. ఇది అందేసరికి తాగే ఉంటావు, అయినా నా పేరు చెప్పి ఇంకో గ్లాసు తాగు.

ఆశీస్సులతో,
మీ ఆయన